పర్యాటకంపై నగరవాసుల మనోగతం: కరీంనగర్, ఆదిలాబాద్ అనుభవాలు

ఒక పర్యాటక కేంద్రానికి ఎంతమంది సందర్శకులు వచ్చారనే వివరం నివేదికలలో తప్పక ఉంటుంది. ఆ రాకపోకలను ఊరి ప్రజలు ఎలా స్వీకరిస్తున్నారనే వివరం మాత్రం అరుదుగా కనిపిస్తుంది. స్థానికుల స్పందన ఉత్సాహంతో మొదలై ఉదాసీనతగా, చికాకుగా, చివరకు విరోధంగా మారవచ్చునని జార్జ్ డాక్సీ అనే పరిశోధకుడు 1975లోనే సూచించారు. ఇటలీలోని వెనిస్ నగరం 2024 ఏప్రిల్ 25 నుండి ఎంపిక చేసిన రోజులలో, ఒక్కరోజు సందర్శనకు వచ్చేవారిపై ఐదు యూరోల ప్రవేశ రుసుము విధించింది. ఉత్తర తెలంగాణలోని ఈ రెండు పట్టణాలకు అంతటి ఒత్తిడి లేదు. అయితే ఇక్కడి సమస్యలు ఇక్కడివే.

కరీంనగర్‌లో నగరవాసులే తొలి సందర్శకులు. 1974లో నిర్మాణం ప్రారంభమై 1985 నాటికి పూర్తయిన దిగువ మానేరు జలాశయం సుమారు 24 టి.ఎం.సి.ల సామర్థ్యంతో సాగునీటితో పాటు నగరానికి తాగునీటిని కూడా అందిస్తున్నది. ఆ కట్టయే సాయంకాలపు షికారుకు నెలవు. సదాశివపల్లి మీదుగా వరంగల్ వైపు ప్రయాణ దూరాన్ని తగ్గించేందుకు మానేరుపై నిర్మించిన తీగల వంతెన 2023 జూన్ 21న ప్రారంభమైంది. రాకపోకల కోసం కట్టిన ఆ వంతెన అనతికాలంలోనే విహార స్థలంగానూ మారింది. తాము తాగే నీటి ఒడ్డున విందు చేసుకొని ప్లాస్టిక్ వదలి వెళ్లేవారిని ఏ నగరవాసీ హర్షించడు. ఆ వదలినవారు పొరుగు వీధివారే కావచ్చు. అందువల్ల జలాశయం చుట్టూ ఏ నిర్మాణం తలపెట్టినా, తాగునీరు, చెత్త తొలగింపు, వాహనాల నిలుపుదల గురించి సమీప వార్డుల ప్రజలను ప్రతిపాదన దశలోనే అడగడం అవసరం.

మేడారం జాతరకు వెళ్లే ముందు వేములవాడ రాజన్నను దర్శించుకోవడం భక్తుల ఆనవాయితీ. 2016 అక్టోబర్ 11న జరిగిన పునర్విభజనతో వేములవాడ రాజన్న సిరిసిల్ల జిల్లాలో చేరినా, ఆ రద్దీ కరీంనగర్ బస్టాండుకు తప్పలేదు. బస్సు మారి వెళ్లే ఆ భక్తులలో ఎందరు, భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ వస్తువుల దుకాణం వరకు వెళ్తున్నారన్నది ఆలోచించదగిన విషయం.

ఆదిలాబాద్ పట్టణవాసుల అసంతృప్తికి కారణం వేరు. కడెం వాగుపై సుమారు 45 మీటర్ల ఎత్తు నుండి దూకే కుంటాల జలపాతం నేరడిగొండ మండలంలో ఉంది. హైదరాబాద్ నుండి 44వ జాతీయ రహదారిపై వచ్చేవారు నేరడిగొండ వద్దనే మలుపు తిరిగి, జలపాతం చూసి వెనుదిరగవచ్చు. పట్టణం వరకు రావలసిన పని లేదు. పొచ్చెర విషయమూ దాదాపు అంతే. జిల్లా పేరు ప్రచారంలో మారుమోగినా, పట్టణంలోని హోటలుకు, ఆటోకు దక్కేది స్వల్పం. కుంటాల గుండాలలో సందర్శకులు మునిగి మరణించిన వార్తలు మాత్రం పలుమార్లు జిల్లా పేరుతోనే వచ్చాయి.

ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యనాడు మొదలయ్యే నాగోబా జాతర పరిస్థితి మరింత సున్నితమైనది. మెస్రం వంశీయులు కాలినడకన తెచ్చిన గోదావరి జలాలతో దేవునికి అభిషేకం చేస్తారు. పట్టణం నుండి చూడవచ్చినవారికి అది వేడుక. మెస్రం వంశీయులకు అది తమ ఆరాధ్యదైవానికి చేసే పూజ. ఏ ఘట్టంలో కెమెరాలను అనుమతించాలో, ఎక్కడ ఆపాలో వారిని అడిగి ఏర్పాట్లు చేయడం సముచితం.