సమాధుల పండుగ

పిల్లలూ! మెదక్ పేరు వినగానే అందరికీ గుర్తుకు వచ్చేది అక్కడి పెద్ద చర్చి. దాని గోపురం ఎత్తు 175 అడుగులు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ 1914లో పని మొదలుపెట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో కూలి జనానికి పనీ, తిండీ దొరకాలని దాన్ని కట్టించారని ఆ ప్రాంతం వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. పాస్నెట్ పేరు అందరికీ తెలుసు. మరి రాళ్ళు మోసిన వాళ్ళ పేర్లో? వాళ్ళను తలుచుకునేది ఎవరు?

అటువంటి వాళ్ళ కోసం కూడా ఏడాదికి ఒక రోజు ఉంది. అది నవంబరు 2వ తేదీ. దాన్ని తెలుగు కతోలికులు సమాధుల పండుగ అంటారు. మెదక్ పెద్ద చర్చి కతోలికులది కాదు, 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానిది. మెదక్ ప్రాంతపు కతోలికుల విచారణలు హైదరాబాదు అగ్రపీఠం కిందికి వస్తాయి. విచారణ అంటే కోర్టు విచారణ అనుకునేరు! ఒక గుడీ, దాని గురువూ, ఆ గుడికి చెందిన ఇళ్ళూ, అన్నీ కలిపి ఒక విచారణ.

ఈ పండుగ పుట్టింది ఫ్రాన్సు దేశంలో. అక్కడ క్లూనీ అనే చోట ఒక పెద్ద మఠం ఉండేది. దాని అధిపతి పేరు ఓడిలో. నవంబరు 1 సకల పునీతుల పండుగ గదా, ఆ మర్నాడు చనిపోయిన విశ్వాసులందరి కోసమూ ప్రార్థన చెయ్యాలని ఆయన సుమారు వెయ్యేళ్ళ కిందట తన మఠాలన్నిటికీ ఆజ్ఞ పంపాడు. అందరి కోసమూ అన్నాడు, చూశారా! అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది. పూర్తిగా శుద్ధి కాని ఆత్మలు ఉత్తరించు స్థలంలో ఉంటాయనీ, బతికి ఉన్న వాళ్ళ ప్రార్థనలు వాటికి సాయపడతాయనీ కతోలికుల నమ్మకం. పిల్లలు ఉన్న వాళ్ళ కోసం పిల్లలు ప్రార్థిస్తారు. ఎవరూ లేని వాళ్ళ కోసం విచారణ అంతా కలిసి ప్రార్థించాలి.

మొదటి ప్రపంచయుద్ధంలో లక్షలమంది సిపాయిలు ఊరుగాని ఊళ్ళో చనిపోయారు. అప్పుడు, అంటే 1915లో, పదిహేనవ బెనెడిక్ట్ పోపు గారు ఈ రోజున ప్రతి గురువూ మూడు పూజలు చేసుకోవచ్చునని అనుమతి ఇచ్చారు. ఒకటి గురువు ఎవరి కోసం తలిస్తే వాళ్ళ కోసం. ఒకటి పోపు గారి ఉద్దేశాల కోసం. మిగిలింది, చనిపోయిన విశ్వాసులందరి కోసం. ఆ రోజుల్లో పూజ లాటిన్ భాషలో జరిగేది. 1960ల తరవాత తెలుగులో వినటం మొదలయింది.

పెద్దలను తలుచుకోవటం మెదక్ వాళ్ళకు కొత్త కాదు. పెత్రమాస నాడు హిందువులు పెద్దల పేర బియ్యం ఇస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ. షబేబరాత్ రాత్రి ముస్లిములు తమ వాళ్ళ గోరీల దగ్గరికి వెళతారు. నవంబరు 2న కాక, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే క్రైస్తవ సంఘాలు కూడా తెలుగునాట ఉన్నాయి.

సమాధుల పండుగకు ముందు పని చాలా ఉంటుంది. వానాకాలమంతా బొందలగడ్డలో గడ్డి ఏపుగా పెరుగుతుంది. సమాధుల మీద సున్నం వెలిసిపోయి పాచి పడుతుంది. గడ్డి కోసి, పాచి గీకి, మళ్ళీ సున్నం వెయ్యాలి. ఈ సున్నం సంగతి చిత్రమైనది. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే అందులోనుంచి బొగ్గుపులుసు వాయువు వెళ్ళిపోతుంది. మిగిలిన దానిమీద నీళ్ళు పోస్తే కుతకుత ఉడుకుతుంది. అప్పుడు మీరు దగ్గరికి పోకండి, కంట్లో పడితే చూపు పోగలదు! చల్లారిన సున్నాన్ని గోడకు వేసినప్పుడు, అది గాలిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కొంచెం కొంచెంగా పీల్చుకుని, తిరిగి రాయి అవుతుంది. మీరు విడిచే ఊపిరిలో కూడా ఆ వాయువే ఉంది. అయితే ఆ రాతిపొర చాలా పలచన. వానలకు అరిగిపోతుంది గనక యేటా వెయ్యక తప్పదు.

సాయంత్రం గురువు ప్రార్థన చదివి, వరసల వెంట నడుస్తూ సమాధుల మీద తీర్థజలం చల్లుతారు. పూలదండ ఉన్నదా, పేరు చెక్కిన రాయి ఉన్నదా అని చూడరు. వట్టి మట్టిదిబ్బ మీద కూడా నాలుగు చుక్కలు పడతాయి. మీరు అమ్మా నాన్నలతో వెళ్ళినట్టయితే రెండు కొవ్వొత్తులు ఎక్కువ పట్టుకుపోండి. ఎవరూ రాని సమాధి ఒకటైనా కనిపిస్తుంది. దాని గడ్డి పీకి, ఒకటి అక్కడ వెలిగించండి. అది ఎవరిదని అడిగితే చెప్పగల ముసలివాళ్ళు పక్కనే ఉండవచ్చు. చెబితే ఆ పేరు రాసుకోండి. నవంబరు నెలంతా గుడిలో చనిపోయిన వాళ్ళ పేర్లు రాసి ఇచ్చే ఆచారం ఉంది. మీ తాతగారి పేరు కింద ఆ పేరు కూడా చేర్చవచ్చు.

ఇక పూలు. సమాధుల మీద ఎక్కువగా కనిపించేవి బంతిపూలు. పగటిపొద్దు తగ్గేకొద్దీ బంతి త్వరగా పూస్తుంది. అందుకే బతుకమ్మకూ, దీపావళికీ, ఈ పండుగకూ సమయానికి అందుతుంది. ఇంత మన పువ్వులాగా ఉన్నా దీని పుట్టినిల్లు మెక్సికో. ఇంగ్లీషువాళ్ళు దీన్ని ఆఫ్రికా బంతి అంటారుగాని, ఎందుకన్నారో, ఆఫ్రికాలో మాత్రం పుట్టలేదు. మెక్సికోలో దీని పేరు సెంపాసూచిల్. అక్కడి వాళ్ళు కూడా సరిగ్గా నవంబరు 1, 2 తేదీలలోనే సమాధుల మీద ఈ పువ్వులే పరుస్తారు. చనిపోయిన వాళ్ళు దారి తప్పకుండా రావాలని, సమాధి దగ్గరనుంచి ఇంటి గుమ్మం దాకా దాని రేకలు చల్లుకుంటూ పోతారు.