పేరు మోసిన ‘పేరులేని’ కంపెనీలు

హైనెకెన్, ఫిలిప్స్, చిప్‌ల తయారీకి యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్... ఈ డచ్ కంపెనీల పేర్ల చివర ఎన్.వి. అని కనిపిస్తుంది. ఆ పొడి అక్షరాలను విప్పి మాటకు మాట పెడితే ‘పేరులేని భాగస్వామ్యం’ అని వస్తుంది! వాటాదారులు ఎవరెవరో పేర్లు చెప్పనక్కర్లేని సంస్థ అన్నది అందులోని భావం. ఇంగ్లిష్‌లోకి అనువదించేటప్పుడు పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అని రాస్తే సరిపోతుంది.

ఫిలిప్స్ పూర్తి పేరు ముందు ‘రాజ’ అనే బిరుదు కూడా ఉంది. మామూలుగా నూరేళ్లు నిండిన సంస్థలకే అక్కడి రాజు దాన్ని ఇస్తాడు. విమానయాన సంస్థ కేఎల్ఎంకి మాత్రం 1919లో, ఒక్క విమానం కూడా ఎగరకముందే దక్కింది.

డచ్ కంపెనీ పత్రాల్లో ‘కొమిస్సారిస్’ అని కనిపిస్తే కమిషనర్ అని రాసేయకూడదు. పోలీసు శాఖలో అయితే ఆ అర్థమే. కంపెనీలో మాత్రం వేరు. అక్కడి పెద్ద కంపెనీల్లో చాలావాటికి రెండు బోర్డులు. ఒకటి సంస్థను నడుపుతుంది, రెండోది నడిపేవాళ్లను కనిపెట్టుకుని ఉంటుంది. కొమిస్సారిస్ ఆ రెండో బోర్డు మనిషి. సూపర్వైజరీ బోర్డు సభ్యుడు అని రాయాలి.

అనువాదకులకు బాగా పని పెట్టే మాట ‘డ్రాఖ్‌ఫ్లక్’. అక్షరాలా బరువు మోసే తలం. ఆఫీసు మీటింగుల్లో దాని అర్థం వేరు: ఒక నిర్ణయాన్ని, దాన్ని అమలు చేయాల్సినవాళ్లు మనసారా ఒప్పుకున్నారా లేదా అన్నది. అన్నిచోట్లా అతికే ఇంగ్లిష్ మాట దీనికి లేదు. ఉద్యోగుల సంగతైతే బై-ఇన్, ఊళ్లో జనం సంగతైతే పబ్లిక్ సపోర్ట్. ఒక్కోసారి ఆ నామవాచకాన్నే వదిలేసి ‘సిబ్బంది దీనికి సరేనంటారా?’ అన్నట్టు వాక్యం తిప్పడమే మేలు.

ఆ మాట అంతగా వాడుకలో ఉండడానికి కారణం ఉంది. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలో ఉద్యోగుల మండలి ఉండాలని అక్కడ చట్టం. కంపెనీని అమ్మాలన్నా, ఒక శాఖను మూసేయాలన్నా యాజమాన్యం ముందుగా దాని సలహా తీసుకోవాలి. సలహాను తోసిపుచ్చితే మండలి ఆమ్‌స్టర్‌డామ్‌లోని ప్రత్యేక న్యాయ విభాగానికి వెళ్లవచ్చు. దీన్ని ఇంగ్లిష్‌లో వర్క్స్ కౌన్సిల్ అంటారు. ట్రేడ్ యూనియన్ అని రాస్తే తప్పు, అది వేరే ఉంటుంది.

కూర్చుని మాట్లాడుకుని తేల్చుకునే ఈ పద్ధతికి ‘పోల్డర్ మోడల్’ అని పేరు. పోల్డర్ అంటే చుట్టూ కట్ట వేసి, నీళ్లు తోడి సంపాదించిన పల్లపు నేల. నెదర్లాండ్స్‌లో దాదాపు నాలుగో వంతు నేల సముద్రమట్టానికి దిగువనే ఉంది. కట్ట తెగితే ఉన్నవాడూ లేనివాడూ కలిసే మునుగుతారు గనక, కలిసి కూర్చోక తప్పలేదని చాలామంది చెబుతారు. అలా కట్టలు, నీళ్ల సంగతి చూసుకునే రైన్‌లండ్ నీటి బోర్డు 13వ శతాబ్దం నాటిది, నేటికీ పనిచేస్తోంది. ఇదే తీరులో 1982 నవంబరులో వాసెనార్‌లో కార్మిక సంఘాల తరఫున విమ్ కోక్, యజమానుల తరఫున క్రిస్ వాన్ వేన్ ఒక ఒప్పందానికి వచ్చారు. జీతాల పెంపు విషయంలో కార్మికులు తగ్గారు, పని గంటలు తగ్గించి ఉద్యోగాలు కాపాడేందుకు యజమానులు దిగివచ్చారు. ఆ కోక్ గారే 1994లో ప్రధాని అయ్యారు. పోల్డర్ మోడల్ అన్న పేరును ఇంగ్లిష్ ఉన్నదున్నట్టే తీసేసుకుంది. నా దృష్టిలో అదే సరైన పని.

‘స్టిఖ్టింగ్’కు నిఘంటువు చెప్పే అర్థం ఫౌండేషన్. అది వింటే మనకు దానధర్మాలు గుర్తొస్తాయి. డచ్ చట్టంలో ఇది సభ్యులు గానీ సొంతదారులు గానీ లేని సంస్థ. దానం చేయాలన్న నియమం లేదు. కొన్ని కుటుంబ కంపెనీల యజమానులు తమ వాటాలను దాని చేతిలో పెట్టి, ఓటు హక్కు దానికి, లాభాల సొమ్ము తమకు వచ్చేలా ఏర్పాటు చేసుకుంటారు. భారత్‌లో మొదటి ఐకియా దుకాణం 2018లో హైదరాబాద్‌లో తెరుచుకుంది కదా, అది ఇంగ్కా గ్రూపుది. ఆ గ్రూపు సొంతదారు నెదర్లాండ్స్‌లో నమోదైన ఓ స్టిఖ్టింగే!

ఉత్తరాల్లో చిక్కు తెచ్చేది ‘ఎవెంట్యువేల్’. ఇంగ్లిష్ ‘ఈవెంచువల్లీ’లా కనిపిస్తుంది గానీ అర్థం ‘అవసరమైతే, బహుశా’ అని. దీన్ని తప్పుగా రాస్తే, ఇస్తారో లేదో తెలియని డిస్కౌంటు ఎప్పటికైనా తప్పక ఇస్తామన్న హామీ అయిపోతుంది.

మనం రోజూ అనే ‘బాస్’ కూడా డచ్ వాళ్లదే. యజమాని అనే అర్థంలో, న్యూయార్క్ ప్రాంతపు డచ్ వలసల నుంచి అమెరికన్ ఇంగ్లిష్‌లోకి వచ్చింది.

నెదర్లాండ్స్‌లో ఉద్యోగానికి వెళ్లే మనవాళ్లు తెలుసుకోవాల్సిన మాట ‘వకాన్సీఖెల్ట్’. దీన్ని సెలవు జీతం అనుకోవద్దు. జీతంతో కూడిన సెలవులు ఎలాగూ విడిగా ఉంటాయి. ఇది స్థూల జీతంలో కనీసం 8 శాతం చొప్పున జమపడి, సాధారణంగా మే నెలలో చేతికొచ్చే అదనపు సొమ్ము. ఆఫర్ లెటర్‌లో చెప్పిన జీతంలో ఆ 8 శాతం కలిసి ఉందా, విడిగా ఇస్తారా అన్నది సంతకం పెట్టకముందే అడిగి రాయించుకోండి.