నేటి యుద్ధభూమిలో రేడియో తరంగములు

2019 ఏప్రిల్ 1వ తేదీ ఉదయము 9 గంటల 27 నిమిషములకు శ్రీహరికోట నుండి పి.ఎస్.ఎల్.వి.-సి45 రాకెట్టు ఎగసినది. రాకెట్టు ప్రయోగించు దినములలో మన తీరపు జాలరులకు కొంత మేర సముద్రము మూతపడును. ప్రయోగము ముగిసిన పిదప పడవలు మరల కదలును. ఆకసమున తెల్లని పొగచార కరగిపోవును. ఊరిలో ఆ మాట అంతటితో ఆగిపోవును. ఆ పొగచార చివర పోయిన వస్తువు ఏమి, అది అక్కడ చేయవలసిన పని యేమి అని విచారించువారు తక్కువ.

నాటి రాకెట్టు మోసికొనిపోయిన ముఖ్యమైన ఉపగ్రహము పేరు ఎమిశాట్. దాని బరువు 436 కిలోలు. వెంట 28 విదేశీ చిన్న ఉపగ్రహములు కూడ పోయినవి. ఎమిశాట్‌ను భూమికి దాదాపు 748 కిలోమీటర్ల ఎత్తున తిరుగునట్లు విడిచిరి. విద్యుదయస్కాంత తరంగములను కొలుచుట దాని పని యని ఇస్రో సంస్థ ఒక్క ముక్కలో చెప్పి ఊరకున్నది. రక్షణ సంగతులు అంతకన్న విప్పి చెప్పుట ఆచారము కాదు. కాని ఆ ఒక్క ముక్కలోనే నేటి భూయుద్ధము మారిన తీరు సగము ఇమిడియున్నది. (శ్రీహరికోట 2022లో జిల్లాల పునర్విభజన వలన నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాకు మారినది. తీరము మాత్రము అదే తీరము.)

ఇది సైన్యాధికారుల సంగతి గదా, పంచాయతీ సభ్యులకేల యను ప్రశ్న రావచ్చును. సైన్యములో చేరువారు మన గ్రామముల పిల్లలే. 2025 మే నెలలో ఆధీన రేఖ వద్ద శత్రువుల కాల్పులలో వీరమరణమొందిన ఒక అగ్నివీరుడు మన రాష్ట్రమున శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలమువాడు. అట్టి పిల్లలు నేడు ఎట్టి యుద్ధభూమికి పోవుచున్నారో ఇంటివారికిని, ఊరిపెద్దలకును కొంత తెలిసియుండుట అవసరమని మేము తలచుచున్నాము. అదిగాక ఈ విషయములో ఊరివారి చేతిలోనున్నది కూడ కొంత కలదు. దానిని చివర చెప్పెదము.

ముందుగా ఫిరంగుల మాట. ఫిరంగి పది, ఇరువది, ముప్పది కిలోమీటర్ల దూరమునుండి కాల్చును. కాల్చువానికి లక్ష్యము కంటికి కనబడదు. పూర్వము ముందు వరుసలో కొండమీదనో చెట్టు చాటుననో ఒక పరిశీలకుడుండి, దుర్భిణితో చూచి, పటము మీద గుర్తించి, తంతి ద్వారానో రేడియో ద్వారానో వెనుకకు చెప్పెడివాడు. మొదటి గుండు ఎడమకు పడినచో కుడికి జరుపుడనియు, దూరముగ పడినచో తగ్గింపుడనియు చెప్పుచు లక్ష్యమునకు తెచ్చెడివాడు. ఈ లోపల ఎదుటివాడు కందకములో దాగుటకో, స్థలము మార్చుటకో వ్యవధి దొరకెడిది. 2022 ఫిబ్రవరిలో మొదలైన ఉక్రెయిన్ యుద్ధములో ఈ వ్యవధి కరగిపోయినది. పైన ఎగురు డ్రోను చూచినది చూచినట్లు తెరమీద కనబడును. ఆ చోటి గుర్తు అందరి పలకలమీదికిని పోవును. దగ్గరనున్న ఫిరంగి ఏదో యంత్రమే చెప్పును. పూర్వము ఎంతో సేపు పట్టిన పని కొన్ని నిమిషములలో ముగియుచున్నది.

మనకు ఈ పాఠము కార్గిల్‌లో 1999లోనే కొంత తెలిసినది. కొండల చాటునుండి శత్రువుల ఫిరంగులు కాల్చుచుండగా, అవి ఎచట నున్నవో కనిపెట్టగల మంచి రాడార్లు నాడు మన సైన్యమునకు లేకుండెను. అట్టి రాడార్ల కొరకు 2002లో అమెరికాతో ఒప్పందము చేసికొనిరి. తరువాత బెంగుళూరులోని రక్షణ పరిశోధనశాలయు, భారత్ ఎలెక్ట్రానిక్స్ సంస్థయు కలిసి స్వాతి యను రాడారును నిర్మించినవి. 2017 మార్చిలో అది సైన్యమునకు అప్పగింపబడినది. ఫిరంగుల జాడను అది సుమారు 30 కిలోమీటర్ల వరకు, రాకెట్ల జాడను 40 కిలోమీటర్ల వరకు పట్టగలదు.

అది పనిచేయు తీరు కష్టమైనది కాదు. మామిడితోట గోడ కావలనుండి ఒక పిల్లవాడు కాయకు రాయి విసరెననుకొందము. పిల్లవాడు కనబడడు. కాని రాయి గోడ దాటి పైకి లేచి వంగుచు వచ్చుట తోటమాలి చూచెనా, ఆ వంపునుబట్టి అది లేచిన చోటు చెప్పగలడు. స్వాతి కూడ పైకి లేచుచున్న గుండును కొంతసేపు చూచి, దాని దారిని వెనుకకు లెక్కగట్టి, కాల్చిన ఫిరంగి స్థలమును తెలుపును. దూరమునుండి వచ్చు గుండు నేలనంటుటకు ఒక నిమిషమునకు పైగా పట్టవచ్చును. అది పడకముందే అది ఎక్కడనుండి వచ్చెనో ఈవలివారికి తెలిసిపోవును. కావున నేడు ఫిరంగిని కాల్చినవాడు అచటనే నిలిచియుండుటకు వీలులేదు. నాలుగు గుండ్లు కాల్చి చోటు విడిచి పోవలెను. ట్రాక్టరు వెనుక బండివలె ఫిరంగిని లారీకి తగిలించి ఈడ్చికొనిపోవుట ఆలస్యమగునని, లారీమీదనే బిగించిన ఫిరంగులకు అన్ని దేశములలో గిరాకి పెరుగుట ఇందువలననే.

అయితే తోటమాలికిని ఆపద కలదు. రాడారు చూచుటకు తరంగములను విడువవలెను. చీకటిలో టార్చి వేసి వెదకువాడు తాను చూచుటయేగాక తానెచటనున్నదియు చూపుచున్నాడు. ఎమిశాట్ వంటి ఉపగ్రహమునకును, నేలమీద వాహనములలో నుండు వినికిడి యంత్రములకును పని ఇచట మొదలగును. అవి తాము ఏ తరంగమును విడువవు. ఊరక వినుచుండును.

విన్నంత మాత్రమున చోటెట్లు తెలియునో మన తీరమువారికి సులభముగ బోధపడును. అమావాస్య రాత్రి నడిసముద్రమున ఒక పడవలో లాంతరు వెలిగినది. మైపాడు ఒడ్డున నిలిచినవాడు అది ఏ దిక్కున నున్నదో చేయి చాచి చూపగలడు. ఎంత దూరమో చెప్పలేడు. కోడూరు ఒడ్డున మరియొకడు నిలిచి తన దిక్కును చూపెను. ఈ రెండు దిక్కులకు పటముమీద రెండు గీతలు గీచినచో, అవి కలిసిన చోటనే పడవ యున్నది. రేడియో మాటకును ఇదే లెక్క. రహస్య భాషలో మాట్లాడినంత మాత్రమున లాభము లేదు. మాట అర్థము కాకున్నను, మాటాడిన చోటు తెలిసిన ఫిరంగికి చాలును. 1971 యుద్ధమున విశాఖపట్నములో దీపములార్పిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. నాడు కిటికీకి నల్లకాగితము అంటించిన సరిపోయెడిది. నేడు సైనికుడు దీపముతోబాటు రేడియోను, జేబులోని ఫోనును కూడ ఆర్పవలసియున్నది.

2023 జనవరి 1వ తేదీన ఉక్రెయిన్‌లో రష్యా వశమందున్న మకీవ్కా పట్టణమున ఇదే జరిగినది. ఒక వృత్తివిద్యా పాఠశాలలో బసచేసియున్న రష్యా సైనికులపై రాకెట్లు పడినవి. 89 మంది మరణించిరని రష్యా రక్షణశాఖయే ఒప్పుకొన్నది. ఉక్రెయిన్ వారు చెప్పిన సంఖ్య ఇంకను చాల పెద్దది. నిషేధమున్నను సైనికులు సెల్‌ఫోన్లు వాడుటయే ముఖ్య కారణమని ఆ శాఖ ప్రకటించినది. తప్పంతయు చనిపోయినవారి మీదికి నెట్టిరని ఆ దేశములోనే కొందరు విమర్శించిరి. అందరిని ఒకే కట్టడములో ఉంచినవారి బాధ్యత ఎక్కడికి పోయెనను ప్రశ్న న్యాయమైనదే. కాని నూతన సంవత్సరపు రాత్రి ఇంటికి ఫోను చేయ మనసు లాగని సైనికుడెవడు?

వినుట ఒక యెత్తు కాగా, వినబడనీయకుండుట మరియొక యెత్తు. తిరునాళ్ళలో మైకు మ్రోగుచుండ ప్రక్కవాని మాట వినబడనట్లు, బలమైన తరంగములు విడిచి శత్రువుల రేడియోలను, డ్రోనులను నడపు సంకేతములను ముంచివేయవచ్చును. దీనినే జామింగ్ అందురు. ఇంతకన్న మాయయైనది తప్పుడు సంకేతము పంపుట. పడవలోని జి.పి.ఎస్. యంత్రము ఉపగ్రహమునుండి వచ్చినదేయని నమ్మి, తానున్న చోటుగాక వేరొక చోటు చూపును. ఇది ఉక్రెయిన్‌కే పరిమితము కాదు. 2023 నవంబరు, 2025 ఫిబ్రవరి మధ్య మన సరిహద్దున, ముఖ్యముగ అమృతసర్, జమ్ము ప్రాంతములలో, విమానములకు ఇట్టి ఆటంకములు 465 కలిగినట్లు ప్రభుత్వము పార్లమెంటులో తెలిపినది.

ఈ విద్యలో తెలుగువారి పట్టణములకును పాత్ర కలదు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలోని డి.ఎల్.ఆర్.ఎల్. పరిశోధనశాల సైన్యము కొరకు సంయుక్త యను ఎలెక్ట్రానిక్ యుద్ధ వ్యవస్థను రూపొందించినది. మన బందరులోను, 1926 నాటి ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలెక్ట్రానిక్స్‌లో కలిసి, రాత్రిపూట చూచు పరికరములు చేయుచున్నది.

జామింగ్‌కు విరుగుడుగ పుట్టినది చూడ విచిత్రముగ నున్నది. సంకేతమును గాలిలో పంపినగదా ముంచివేయుట! ఉక్రెయిన్ యుద్ధమున 2024 నుండి ఇరుపక్షములవారును సన్నని గాజు దారమును వెంట విడుచుచు ఎగురు డ్రోనులను వాడసాగిరి. గాలపు త్రాడు చుట్టనుండి జారినట్లు అది కిలోమీటర్ల కొలది జారును. పొలములన్నియు సాలెగూడు కప్పినట్లున్నవి. వానినడ్డుటకు రోడ్లమీద వలలు పందిరివలె కట్టిరి. ఫ్రాన్సు దేశపు బ్రెటన్ తీరమునుండి 2025లో జాలరుల పాత వలలను ఇందు కొరకే పంపిరి. ఇంత శాస్త్రము పెరిగి చివరకు చేపల వలవద్దకు వచ్చినది!

మన అనుభవము 2025 మే నెలది. ఆపరేషన్ సిందూర్ తరువాత, 8వ తేదీ రాత్రి 36 చోట్ల సుమారు 300 నుండి 400 డ్రోనులు మన ఆకసములోనికి చొరబడ జూచినవని సైన్యము ప్రకటించినది. వానిలో పెక్కింటిని తుపాకులతోను, జామింగ్‌తోను కూల్చిరి. అదే నెల 18వ తేదీన మబ్బులను, చీకటిని దాటి చూడగల రాడారు ఉపగ్రహము ఇ.ఓ.ఎస్.-09ను శ్రీహరికోట నుండి పంపిరి. మూడవ దశలో లోపము కలిగి అది కక్ష్యను చేరలేదు. శత్రువుల కదలికలకేగాక తుఫానునాడు మునిగిన వరిచేల లెక్కకును పనికివచ్చు కన్ను అది. ఆ నష్టమును దాచుట వలన ప్రయోజనము లేదు.

ఇక ఊరివారి చేతిలోనిది. 2020 జులైలో సైన్యము తన సిబ్బందిని ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లను ఫోనులనుండి తొలగింపుమని ఆదేశించినది. 2025 ఏప్రిల్, మే నెలలలో సైనిక చర్యలను ప్రత్యక్ష ప్రసారము చేయరాదని కేంద్ర ప్రభుత్వము పత్రికలకును, టీవీలకును సూచించినది. ఇంటిలో మాత్రము ఆదేశించువారు లేరు. సెలవుకు వచ్చిన కుమారుని బస ఫోటోలు, బయలుదేరు తేది, అతని దళము పేరు వాట్సాప్ గ్రూపులలో గర్వముగ పెట్టుచున్నాము. మన జిల్లా గుండా పోవు 16వ నంబరు జాతీయ రహదారిపై సైనిక వాహనముల వరుస కనబడినచో రోడ్డుప్రక్క టీ కొట్టు వద్దనుండి వీడియో తీయుట కూడ కలదు. తీసిన వానికి అది వినోదము. దానిలో ఏ చోట, ఏ గంటకు, ఎన్ని బండ్లు, ఏ వైపు పోయినవో అన్నియు నున్నవి. గ్రామసభ జరుగునపుడు సైనికులున్న ఇండ్లవారిని పిలిచి ఈ సంగతి చెప్పవచ్చును. రెండు మూడు దినములు ఫోను రాకున్న, ఎచటనున్నాడో చెప్పుమని ఆ పిల్లవానిని నిర్బంధింపవలదని తల్లిదండ్రులకు చెప్పుటకు ఊరిలో సర్పంచి కన్న తగినవారు లేరు.