అదురు, బెదురు

2014 ఆగస్టులో మా ఆఫీసు పార్కింగ్ లాట్‌లో పన్నెండుమందిమి వరసగా నిలబడి నెత్తిన ఐసునీళ్ళు గుమ్మరించుకున్నాం. ఐస్ బకెట్ ఛాలెంజ్ అమెరికా అంతా ఊపేస్తున్న రోజులవి. ఏ జబ్బు పేరున ఆ తతంగమో ఈ-మెయిల్లో ఉండే ఉంటుంది, నేను చదవలేదు. తడిసిన చొక్కాతో ఫోటో దిగి, ఇరవై డాలర్లు చందా ఇచ్చి, మధ్యాహ్నం మీటింగుకి వెళ్ళిపోయాను. ఆ వేసవిలో ఎ.ఎల్.ఎస్. అసోసియేషన్‌కి 11 కోట్ల 50 లక్షల డాలర్లు వచ్చాయట. ఆ మూడక్షరాలే నాలుగేళ్ళ తరవాత నాకు నిద్ర లేకుండా చేస్తాయని ఎవరనుకున్నారు?

2018 మార్చి. అల్ఫారెట్టాలో పైన్ చెట్ల పుప్పొడి కార్లమీద పసుపు చల్లినట్టు పేరుకుపోయే నెల. రాత్రి రెండింటిదాకా హైదరాబాదు టీముతో రిలీజు పనులు, పొద్దున్నే మళ్ళీ విండ్‌వర్డ్ పార్క్‌వేమీద ఆఫీసు, రోజుకి అయిదు కాఫీలు. ఒక రాత్రి మంచం మీద వాలగానే ఎడమ పిక్కలో ఏదో కదిలింది. చర్మం కింద పురుగు మెలికలు తిరిగినట్టు. లైటు వేసి చూస్తే నిజంగానే కండ ఎగిరెగిరి పడుతోంది, కాలు మాత్రం కదలడం లేదు. ఆ వారంలోనే, మార్చి 14న, స్టీఫెన్ హాకింగ్ పోయాడు. ఎక్కడ చూసినా ఆయన జబ్బు గురించిన వ్యాసాలే. అందులో ఒకదాంట్లో ‘కండరాలు అదరడం’ అన్న మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఇరవై ఒకటో ఏట జబ్బు బయటపడ్డాక హాకింగ్ 55 ఏళ్ళు బతికాడని కూడా అదే వ్యాసంలో ఉంది. అది నాకు కనపడలేదు.

నేను డాక్టరుని కాను, ఇంజనీరుని. తరవాతి ఏడాదిలో పడ్డ పాట్లవల్ల తెలుసుకున్నది మాత్రమే ఇక్కడ చెబుతున్నాను.

ముందు, అదరడం అంటే ఏమిటి? వెన్నుపాములో ఉన్న ఒక్కొక్క చాలక నాడీకణం నుంచి ఒక తీగ బయలుదేరి, కండరంలోకి వెళ్ళి కొమ్మలుగా చీలి, కొన్ని కండపోగులకి అంటుకుంటుంది. కంటిగుడ్డుని తిప్పే కండరాల్లో ఒక్కో నాడికి పదో పరకో పోగులు. పిక్కలో అయితే వెయ్యికి పైనే. మెదడు ఆజ్ఞ ఏమీ లేకుండా, చాలాసార్లు ఆ తీగ చివరి కొమ్మల్లోనే, ఒక నిప్పురవ్వ పుడుతుంది. ఆ నాడికి చెందిన పోగులన్నీ ఒక్కసారి ముడుచుకుంటాయి. చర్మం ఎగురుతుంది. దీన్నే ఫాసిక్యులేషన్ అంటారు. 1938లో డెనీ-బ్రౌన్, పెన్నీబేకర్ అనే ఇద్దరు వైద్యులు దీనినీ, చర్మం పైనుంచి కంటికి కనపడని ఫిబ్రిలేషన్‌నీ విడదీసి చూపించారు. నిద్రలేమి, కాఫీ, అలవాటు లేని వ్యాయామం, ఆందోళన, కొన్ని ఉబ్బసపు మందులు, థైరాయిడ్ తేడా, ఒంట్లో కాల్షియం, మెగ్నీషియం తగ్గడం, ఇవన్నీ ఆ రవ్వని రాజేసేవే. నా ఖాతాలో మొదటి నాలుగూ ఉన్నాయి.

1963లో రీడ్, కర్లాండ్ అనేవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళనే అడిగి చూస్తే, సుమారు 70 శాతం మంది తమకీ ఎప్పుడో ఒకప్పుడు ఇలా అదిరిందన్నారు. ఎ.ఎల్.ఎస్. కొత్తగా వచ్చేది ఏడాదికి లక్షమందిలో ఇద్దరికి, అటూ ఇటూగా. మా ఊరి జనాభా 2020 లెక్కల్లో 65 వేల పైచిలుకు. అంటే అల్ఫారెట్టాలో 45 వేలమందికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక కండ అదురుతుంది. ఆ జబ్బు కొత్తగా వచ్చేది ఏడాదికి ఒక్కరికో, ఇద్దరికో. ఈ లెక్క నేను పదిసార్లు వేసుకున్నాను. ప్రతిసారీ మనసు ఒకటే అడిగేది: ఆ ఒక్కడివీ నువ్వే అయితే?

భయానికి లెక్కలు రావు. పైగా నా భయం వెనక ఇంకో భయం ఉంది. ఇది మనవాళ్ళలో చాలామందికి చెప్పకుండానే అర్థమవుతుంది. నేను హెచ్-1 మీద ఉన్నాను. గ్రీన్‌కార్డు వరస కదలదు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా సర్దుకోవాలి. భార్య, కూతురు నా వీసా తోకపట్టుకుని ఉన్నవాళ్ళు. ఇంటి అప్పు ఇరవై ఆరేళ్ళుంది. కాలు అదిరినప్పుడల్లా నాకు కనపడింది చావు కాదు, చక్రాల కుర్చీలో ఉన్న నన్ను తీసుకుని తెనాలి రైలెక్కుతున్న మా ఆవిడ. ఒక రాత్రి ఇంటి కాగితాలూ, ఇన్సూరెన్సు కాగితాలూ ఒక ఫైల్లో పెట్టి దానిమీద ఆమె పేరు రాశాను. ఆమెకి చెప్పలేదు.

మా అమ్మకి ఫోన్లో మాటవరసకి చెప్పాను, కన్ను కూడా అదురుతోందని. “ఏ కన్నురా?” అంది. కుడికన్నన్నాను. “మగాడికి కుడికన్ను అదిరితే మంచిదే” అని వంకాయ ధర గురించి చెప్పడం మొదలుపెట్టింది. నవ్వుకున్నాను గానీ, తరవాత ఆలోచిస్తే అదురుకి అర్థం వెతకడం మనకి నిన్నటి అలవాటు కాదు. సుందరకాండలో అశోకవనంలో ఉన్న సీతకి ఎడమకన్ను అదురుతుంది, శుభం. ఆశ్రమంలో అడుగుపెడుతుంటే దుష్యంతుడికి కుడిభుజం అదురుతుంది. అతని కొలువులో శకుంతలకి కుడికన్ను అదురుతుంది, అశుభం. ఆ శాస్త్రంలో కనీసం సగం మంచిశకునాలు. నేను నమ్ముకున్న గూగుల్ శాస్త్రంలో అన్నీ చెడ్డవే.

ఇది ఊరికే అన్నమాట కాదు. 2008లో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌కి చెందిన రైయన్ వైట్, ఎరిక్ హార్విట్జ్ ఇదే విషయం మీద పరిశోధన చేశారు. తలనొప్పి, ఛాతీనొప్పి, కండరాలు అదరడం లాంటి మామూలు లక్షణాలు వెతికేవాళ్ళు ఎలా మహమ్మారుల పేజీల్లోకి జారిపోతారో చూశారు. సెర్చి ఇంజను పేజీలని వరసలో పేర్చేది వాటి ప్రాచుర్యాన్నిబట్టీ, మనం వేసిన ప్రశ్నకి అవి ఎంత దగ్గరగా ఉన్నాయన్నదాన్నిబట్టీ. మనం మాత్రం ఆ వరసని జబ్బు వచ్చే అవకాశాల వరసగా చదువుకుంటాం. ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాణ్ణి, ఈమాత్రం నాకు తట్టలేదు!

ఇక పరీక్షలు. డాక్టరు చేసినవి కాదు, నేను చేసుకున్నవి. మెట్లమీద మునివేళ్ళతో లేవడం, రోజుకి ముప్ఫైసార్లు. అద్దంలో నాలుక చాపి అది వణుకుతోందా అని చూడడం. దర్జీ టేపుతో పిక్కల చుట్టుకొలత. రెండింటికీ తేడా ఉంది. ఎవరికైనా ఉంటుంది, నేనెప్పుడూ కొలవలేదంతే. ముప్ఫైసార్లు లేచేసరికి సాయంత్రానికి పిక్క పీకేది, మెట్లు దిగుతుంటే కాలు తూలేది. అదిగో నీరసం మొదలైంది అనుకునేవాణ్ణి. మా పనిలో దీనికి పోలిక ఉంది. ప్రోగ్రాము ఎందుకు నెమ్మదించిందా అని అడుగడుక్కీ లాగు రాయిస్తాం, ఆ రాతల బరువుకే అది ఇంకా నెమ్మదిస్తుంది.

చివరికి ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. రక్తపరీక్షలు చేయించి న్యూరాలజిస్టు దగ్గరికి పంపింది. ఆయన సుత్తితో మోకాళ్ళు తట్టి, మడమలమీద, మునివేళ్ళమీద నడిపించి, తరవాత ఇ.ఎం.జి. చేశాడు. సూదిలాంటి ఎలక్ట్రోడు కండలో గుచ్చి లోపలి విద్యుత్తుని తెరమీద చూస్తారు. నాడీకణాలు చచ్చిపోతుంటే, దిక్కులేని పోగులు విడివిడిగా మినుకుమంటాయి. పక్కనున్న నాడులు వాటిని దత్తు తీసుకుంటే ఆ నాడుల గీతలు పెద్దవవుతాయి. నావి రెండూ లేవు. బినైన్ ఫాసిక్యులేషన్ సిండ్రోమ్, అన్నాడు. ప్రమాదం లేని అదురు అని తాత్పర్యం.

అప్పుడే ఆయన చెప్పిన తేడా ఒకటి అందరూ గుర్తుంచుకోదగ్గది. నీరసంగా అనిపించడం వేరు, బలం పోవడం వేరు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, తాళంచెవి తిప్పలేకపోవడం, పాదం ఎత్తలేక నేలకి తట్టుకోవడం, మాట ముద్దగా రావడం, కండ కంటికి కనపడేలా కరిగిపోవడం, వీటిలో ఏదున్నా ఆలస్యం చెయ్యకూడదు. ఇవేవీ లేకుండా, పరీక్షలు మామూలుగా ఉండి, కేవలం అదురుతుంటే అది వేరే కథ. మిన్నెసోటాలోని మేయో క్లినిక్‌వాళ్ళు అలాంటివాళ్ళని 121 మందిని, రెండేళ్ళ నుంచి 32 ఏళ్ళదాకా గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. ఒక్కరికీ ఎ.ఎల్.ఎస్. రాలేదు. ఆ 121 మందిలో మూడోవంతు ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళేనట! 2013లో ఆస్ట్రేలియాలో సైమన్, కీర్నన్ అనే వైద్యులైతే అదురుచూసి హడలిపోయిన 20 మంది డాక్టర్లమీదే వ్యాసం రాశారు. చదువెక్కువైనకొద్దీ ఈ భయం తగ్గుతుందనేం లేదు.

ఆ కబురుతో నేను పదకొండు రోజులు హాయిగా ఉన్నాను. పన్నెండోరోజు భుజం అదిరింది. సూది గుచ్చింది కాళ్ళలో కదా, భుజంలో కాదుగా!

మాకు కుటుంబ స్నేహితుడొకాయన ఉన్నాడు, విశాఖలో చదివిన డాక్టరు. ఎవరింట్లో పుట్టినరోజైనా, వినాయకచవితైనా ఆయన్ని పక్కకి లాగి చెయ్యి చూపించేవాణ్ణి. నాలుగుసార్లు ఓపిగ్గా చూశాడు. అయిదోసారి మా డెక్‌మీద నిలబడి, “పోయినసారి నీకేం లేదని చెప్పాను కదా, ఆ మాట నీకు ఎన్ని గంటలు పనిచేసింది?” అన్నాడు. లెక్కేసి ఆరు గంటలన్నాను. “అంతకుముందు?” రెండు రోజులు. “డోసు చాలడంలేదు. ఇంక నేను ఇవ్వను” అని లోపలికి వెళ్ళి పులిహోర పెట్టుకున్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంత స్నేహితుడు ఒక్క మాట అనలేడా అని వారంరోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆయన పంపిన కౌన్సెలర్ దగ్గర తెలిసింది, ఆయన చేసిందే సరైన వైద్యమని. సాల్కోవ్‌స్కిస్, వార్విక్ అనే ఇద్దరు ఇంగ్లాండులో 1980లలోనే చెప్పారు: ఆరోగ్యభయం ఉన్నవాడికి ‘ఏం ఫర్వాలేదు’ అన్న మాట కాసేపు ఉపశమనం ఇచ్చి, మళ్ళీ అడగాలన్న కోరికని పెంచుతుంది. తనిఖీ చేసుకోవడమూ అంతే. దీన్ని పూర్వం హైపోకాండ్రియా అనేవారు. 2013 నుంచి అమెరికా వైద్యుల పుస్తకంలో ఆ పేరు తీసేసి వేరే పేర్లు పెట్టారు. పేరేదైనా, అది లేని జబ్బు నటించడం కాదు. అదురు నిజం, భయం నిజం. వాటి మధ్య మనం వేసుకున్న ముడి ఒక్కటే అబద్ధం.

మొదటి వారం ఆమె ఇచ్చిన పని విచిత్రంగా తోచింది. అదిరినప్పుడు కాదు, తనిఖీ చేసుకున్నప్పుడు గీత పెట్టమంది. మొదటిరోజు 64 గీతలు. తరవాత, చూసుకోవాలనిపించినప్పుడు పావుగంట ఆగమంది, ఆపైన గంట. టేపు మా ఆవిడకి ఇచ్చేశాను. ఆ రోజే ఫైలు సంగతీ చెప్పాను. ఆమె ఫైలు తెరిచి చూసింది, ఏం మాట్లాడలేదు. అందులో పాత కరెంటు బిల్లు ఒకటుంటే తీసి పారేసింది. కౌన్సెలర్‌తో నేను వాదించాను కూడా: నాకు జబ్బు లేదని పూర్తిగా రుజువయ్యేదెలా? పరీక్షలు బగ్గుని పట్టిస్తాయి గానీ బగ్గు లేదని రుజువు చెయ్యలేవని డైక్‌స్ట్రా చెప్పిందాన్ని ఆమెకి వివరించాను. “మరి మీరు సాఫ్ట్‌వేర్ రిలీజు చెయ్యడం మానేశారా?” అంది.

గీతలు ఏడో నెలకి రోజుకి రెండుకి దిగాయి. బిగ్ క్రీక్ గ్రీన్‌వేలో సాయంత్రాలు నడక మొదలుపెట్టాను, కాఫీ రెండుకి తగ్గించాను. పిక్క ఇప్పటికీ అదురుతుంది, ముఖ్యంగా రిలీజు వారాల్లో.

పోయిన నెల కమింగ్‌లో ఉండే కుర్రాడొకడు రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. “అన్నా, నీకేదో అప్పట్లో ఇలాగే అయిందట కదా” అన్నాడు. గుండీలు పెట్టుకోగలుగుతున్నావా, మెట్లెక్కుతున్నావా అని అడిగాను. అన్నీ చేస్తున్నాడు. మోచేతిదగ్గర అదురుతోంది, మూడు వారాలుగా నిద్రలేదు. ఒకసారి డాక్టరుకి చూపించుకో, నాకు జరిగింది ఇదీ అని అంతా చెప్పాను. గురువారం చూపించుకున్నాడు, ఏమీ లేదన్నారు. ఆదివారం మళ్ళీ ఫోను: “అన్నా, ఒక్కసారి చెప్పవా, ఏం కాదు కదా?” ఏం కాదురా అనడానికి నోటిదాకా వచ్చింది. “మీ పాపని ఈత క్లాసులో వేశారా?” అని అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు. తరవాత, వేశామన్నా, నీళ్ళంటే భయపడుతోంది అని మొదలుపెట్టాడు.