ఈగ రెక్క మీది గీతలు

వలస అనగానే మనకు గుర్తొచ్చేవి పక్షులు. శీతాకాలంలో ఉత్తరాది నుంచి కొల్లేటికి దిగే బాతుల సంగతి ఎవరిని అడిగినా చెబుతారు. ఈగలు కూడా పర్వతాలు దాటి వలస పోతాయని నేనంటే నవ్విన మిత్రులు మా హాస్టల్లోనే ఉన్నారు. వాళ్ల నవ్వుకు జవాబు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చెప్పేది అన్నం మీద వాలే ఈగ గురించి కాదు, సిర్ఫిడ్ ఈగ గురించి. పసుపు, నలుపు చారలతో చిన్న కందిరీగలా ఉంటుంది కానీ కుట్టదు. ధనియాల చేను పూతకొచ్చినప్పుడు చూడండి, పువ్వు ముందు గాలిలో ఒక్కచోటే నిలబడి రెక్కలాడిస్తూ ఉంటుంది. పెద్ద ఈగ తేనె తాగి పుప్పొడి మోస్తే, దాని పిల్లపురుగు పేనుబంకను వందల లెక్కన తింటుంది. రైతుకు జీతం అడగని పాలేరన్నమాట.

1950 అక్టోబరులో పక్షిశాస్త్రవేత్త డేవిడ్ లాక్, ఆయన భార్య ఎలిజబెత్ ఫ్రాన్సు, స్పెయిన్‌ల మధ్యనున్న పిరనీస్ పర్వతాలలో ఒక కనుమ గుండా ఈ ఈగలు దక్షిణానికి సాగిపోవడం కళ్లారా చూశారు. అదే ప్రాంతంలో 2018 నుంచి 2021 వరకు లెక్కగట్టగా, 30 మీటర్ల వెడల్పున్న ఒక్క కనుమలోంచే ఏడాదికి సగటున కోటీ 70 లక్షల కీటకాలు దాటుతున్నాయని తేలింది. వాటిలో అత్యధికం ఈగ జాతులే. దక్షిణ ఇంగ్లండు మీద రాడార్లు 2000 నుంచి 2009 దాకా సేకరించిన సమాచారం ప్రకారం రెండు జాతుల సిర్ఫిడ్ ఈగలే ఏటా 400 కోట్ల వరకు రాకపోకలు సాగిస్తాయి. వాటిలో ఒకటి ఎపిసిర్ఫస్ బాల్టియేటస్. ఇది మన దేశంలోనూ ఉంది.

ఇక్కడే అసలు ప్రశ్న వస్తుంది. ఈ జాతి ఈగలన్నీ వలస పోవు. కొన్ని ఉత్తరాన చలికాలాన్ని ఓర్చుకుని అక్కడే ఉండిపోతాయి, కొన్ని దక్షిణానికి వెళతాయి. అయితే ఇవి రెండు వేర్వేరు వంశాలా, లేక ఒకే కుటుంబమా? తేల్చడానికి శాస్త్రజ్ఞుల దగ్గర రెండు కొలబద్దలున్నాయి.

మొదటిది డి.ఎన్.ఏ. రెండు చెరువులను కాలువతో కలిపితే నీళ్లు ఒకటే అయిపోతాయి కదా! జన్యువులూ అంతే. తరానికి ఒకటి రెండు జీవులు అటూ ఇటూ మారినా చాలు, రెండు జనాభాలు బాగా విడిపోకుండా ఉంటాయని సీవాల్ రైట్ 1931లోనే గణితంతో చూపాడు. ఇక్కడ మారేవి కోట్లు! 2013లో వెలువడిన ఒక యూరపు పరిశోధనలో, వలసపోయే ఈగలకూ ఉండిపోయే ఈగలకూ మధ్య చెప్పుకోదగిన జన్యుభేదం కనిపించలేదు.

రెండోది రెక్క. రెక్కను స్లైడు మీద పరిచి, ఈనెలు కలిసే చోట్ల చుక్కలు పెడతారు. ఆ చుక్కల స్థానాల్లోంచి సైజు తేడాను, పెట్టిన వాలు తేడాను లెక్కలతో తీసేస్తే మిగిలేది ఆకారం. సైజును నమ్మడం కష్టం, ఎందుకంటే చల్లటి వాతావరణంలో నెమ్మదిగా పెరిగిన పురుగు సాధారణంగా పెద్ద ఈగ అవుతుంది. ఆకారంలో వంశం పాలు ఎక్కువ, అయినా పెరిగిన పరిస్థితుల ప్రభావం దాని మీదా లేకపోలేదు. అందుకని రెండు చోట్ల ఈగల సంతానాన్ని ఒకే వేడిలో, ఒకే తిండితో పెంచి చూడాలి. అప్పటికీ నిలిచిన తేడాయే వంశపు తేడా. రెక్కలో తేడా ఉండి డి.ఎన్.ఏ.లో లేకపోతే, జాతి చీలిందని తొందరపడకూడదు. అవి వేర్వేరు ఋతువుల్లో పుట్టిన అన్నదమ్ములు కావచ్చు.

"అయితే మాకేంటి?" అంటారా? అంతా ఒకే కుటుంబమైతే, ఒక దేశంలో కొట్టిన పురుగుమందు ఫలితం మరో దేశపు పొలంలో పేనుబంక రూపంలో తేలుతుంది. జర్మనీలోని రాండెకర్ మార్ అనే కొండప్రాంతంలో సుమారు యాభై ఏళ్లపాటు లెక్కించినవారు, పేనుబంకను తినే వలస సిర్ఫిడ్ ఈగలు 90 శాతానికి పైగా తగ్గిపోయాయని 2020లో ప్రకటించారు. ఇంగ్లండు రాడార్లలో మాత్రం ఆ పదేళ్లలో అలాంటి తగ్గుదల కనబడలేదు. గమనించవలసింది ఇంకొకటుంది. సంఖ్య పడిపోయిన వెంటనే జన్యువైవిధ్యం పడిపోదు, అది నిదానంగా తరుగుతుంది. కాబట్టి డి.ఎన్.ఏ. బాగుందని నిశ్చింతగా కూర్చుంటే మోసపోతాం. తలలూ లెక్కపెట్టాలి, రెక్కలూ కొలవాలి, జన్యువులూ చూడాలి.

ఇందుకు గొప్ప పరికరాలేవీ అక్కర్లేదు. ఒక వల, కొన్ని స్లైడులు, ఫోటో తీయగల మైక్రోస్కోపు చాలు. రబీలో ధనియాల చేల నుంచి, ఆవాల చేల నుంచి కొన్ని, కొండ ప్రాంతం నుంచి కొన్ని రెక్కలు సేకరించి ఏటేటా పోల్చుకుంటూ పోతే ఒక కాలేజీ చేతిలో పదేళ్లకు విలువైన లెక్క ఉంటుంది. జువాలజీ జూనియర్ మిత్రులు ఆలోచించండి. చేలో మందు కొట్టే రోజుకు ముందే వెళ్లండి, ఆ తర్వాత వెళితే కొలవడానికి రెక్కలు దొరకవు.