అమ్మ గొంతును ఎక్కడ దాచుకోవాలి?

పూర్వం మన యిళ్ళల్లో విలువైన వస్తువంటే భోషాణంలో వుండేది. దాని తాళంచెవి అమ్మమ్మ బొడ్డున వుండేది. ఈనాడు పాటలూ, పెళ్ళి ఫోటోలూ, పిల్లల ముద్దుమాటలూ అన్నీ అరచేతిలో యిమిడే చిన్న డబ్బాలోకి చేరాయి. ఆ డబ్బాకే డ్రైవు అని పేరు. భోషాణం కొనేటప్పుడు కర్ర టేకో కాదో తట్టి చూసుకున్న జాతి మనది. డ్రైవు దగ్గరికి వచ్చేసరికి ధర ఒక్కటే చూసి, జేబులో వేసుకుని వచ్చేస్తాం. నేనూ అలా తెచ్చినవాణ్ణే. అందుకు చెల్లించిన మూల్యం యీ వ్యాసం.

మా అమ్మకు పాతకాలపు స్త్రీల పాటలు చాలా వచ్చు. "ఊర్మిళాదేవి నిద్ర" మొదలుపెట్టిందంటే పుస్తకం చూడకుండా చివరిదాకా పాడుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకుని బ్రతికేవాణ్ణి గనుక, యివన్నీ రికార్డు చేసి వుంచాలని నాకు బుద్ధి పుట్టింది. వెనకగది కిటికీలకు దుప్పట్లు కట్టాను. ఒక మైకూ, కంప్యూటరూ, దానికి తీగెతో తగిలించిన ఒక హార్డు డిస్కూ అమర్చాను. అమ్మ మూడు సాయంత్రాలు పాడింది. నాలుగోనాడు మా అమ్మాయి కాలికి ఆ తీగె తగులుకుని, డిస్కు బల్లమీదనుంచి కింద పడింది. మళ్ళీ తగిలించి చూస్తే లోపల టిక్కు టిక్కుమని కొట్టుకోవటమే గాని మాటా పలుకూ లేదు.

"పోనీలేరా అబ్బాయ్, మళ్ళీ పాడతాను" అంది అమ్మ. పాడింది కూడా. కాని మొదటిసారి పాడిన లాలిపాటల్లో రెండు, యెంత తలుచుకున్నా ఆమెకు రాలేదు. ఆ రెండూ డిస్కుతోనే పోయాయి.

తరువాత, కంప్యూటర్ల ఉద్యోగంలో వున్న మా మేనల్లుణ్ణి పిలిపించి పాఠం చెప్పించుకున్నాను.

"మామయ్యా, మీరు ముందు లెక్క చూసుకోవలసింది" అన్నాడు వాడు. ఆ లెక్క యిది. మంచి రికార్డింగులో శబ్దాన్ని సెకనుకు 48,000 సార్లు కొలుస్తారు. ఒక్కొక్క కొలతకు 24 బిట్లు, అంటే 3 బైట్లు పడతాయి. ఒక్క మైకుకు నిమిషానికి 8.64 మెగాబైట్లు, గంటకు సుమారు 518. పదహారు మైకులు ఒక్కసారే పెట్టినా సెకనుకు సుమారు 2.3 మెగాబైట్లే. మామూలు హార్డు డిస్కు సెకనుకు వంద మెగాబైట్లు అవలీలగా రాసుకోగలదు. కాబట్టి పెట్టెమీద వేలల్లో అచ్చువేసిన వేగాలు చూసి మురిసిపోయి, ఒక గొంతుకోసం అదనంగా డబ్బు పొయ్యనక్కరలేదు.

1956లో ఐబియం వారు మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని బయటికి తెచ్చినప్పుడు దానిలో రెండడుగుల వ్యాసంగల పళ్ళేలు యాభై వుండేవట. బరువు టన్ను పైమాటే. అందులో పట్టేవి యాభై లక్షల అక్షరాలు. ఈనాటి లెక్కన మా అమ్మ పాట అర నిమిషం పట్టేసరికి అది నిండిపోయేది!

వేగం సంగతి అలా వుంచితే, చూడవలసినవి రెండు: చప్పుడు, నిబ్బరం. హార్డు డిస్కులో పళ్ళేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో గిర్రున తిరుగుతాయి. వాటిపైన వెంట్రుక మందంకూడా లేని యెడంలో, చదివే తల తేలుతూ వుంటుంది. డిస్కు తిరుగుతుండగా కిందపడితే ఆ తల పళ్ళేన్ని గీస్తుంది. నా గతి అదే అయింది. పైగా ఆ తిరుగుడు రొద నిశ్శబ్దమైన గదిలో మైకుకు వినిపిస్తుంది. ఎస్.ఎస్.డి. అనే రకంలో కదిలే భాగమే లేదు. చప్పుడు చెయ్యదు, చిన్న దెబ్బలకు జంకదు. అందుచేత రికార్డు చేసేది దానిమీద చెయ్యటం మేలు. సెకనుకు 500 మెగాబైట్ల తరగతిది మన అవసరానికి చాలా యెక్కువే. అయితే పూర్తిగా నింపితే అది మందగిస్తుంది. అయిదో వంతు ఖాళీ వుంచాలి.

దానికీ లోపాలు లేకపోలేదు. అదే పరిమాణానికి హార్డు డిస్కుకంటే ధర యెక్కువ. విద్యుత్తు తగలకుండా యేళ్ళతరబడి బీరువాలో పడేస్తే, లోపలి ఆవేశం మెల్లగా జారిపోయి రాత చెరిగే ప్రమాదం వుంది. చెడిపోయేముందు తరచు హెచ్చరికైనా చెయ్యదు. కాబట్టి బీరువాలో దాచే ప్రతికి హార్డు డిస్కే చవక, అనువు. దాన్నీ ఆరునెలలకోసారి తగిలించి, పాటలు పలుకుతున్నాయో లేదో చూసుకోవాలి.

టెరాబైటు డ్రైవు కొంటే కంప్యూటరు 931 అనే చూపించవచ్చు. కంగారుపడకండి, అది లెక్కపెట్టే పద్ధతుల్లోని తేడా. కాని నమ్మశక్యంగాని చవకకు పెద్ద పరిమాణం అమ్మేవారిని మాత్రం నమ్మకండి. పైన టెరాబైట్లు చూపిస్తూ లోపల కొద్దిపాటి చోటే వున్న నకిలీలు వున్నాయి. కొన్ని నిండిన తరువాత పాత పాటలమీదే కొత్తవి రాస్తాయి. కొన్న రోజునే చివరిదాకా నింపి, తెరిచి చూడటం మంచిది.

అన్నిటికంటె ముఖ్యమైనది మూడు ప్రతుల సూత్రం. మూడు ప్రతులుండాలి, అవి రెండు రకాల సాధనాలలో వుండాలి, ఒకటైనా మరొక యింట్లో వుండాలి. అసలు ప్రతిని కుదించని వేవ్ రూపంలోనే వుంచుకోవాలి. పంచిపెట్టటానికి ఎంపీ3 చాలు. మా పాటలు యిప్పుడు ఎస్.ఎస్.డి.లో ఒకటి, బీరువాలో హార్డు డిస్కుమీద ఒకటి, మేనల్లుడి యింట్లో ఒకటి వున్నాయి.

ఇదంతా అమ్మకు వివరంగా చెప్పాను. ఓపికగా విని, "ఇన్ని డబ్బాలెందుకురా? పిల్లకు నేర్పితే పోలా?" అంది. మర్నాటినుంచే మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుంది. మొన్న రాత్రి పక్కగదిలోంచి ఒక లాలిపాట వినిపించింది. అమ్మే పాడుతున్నదనుకున్నాను. వెళ్ళి చూస్తే అమ్మ నిద్రపోతున్నది. పాడుతున్నది మా అమ్మాయి.