కేంద్రకం లేని జీవకణం

పాఠశాల పుస్తకాలలో జీవకణం బొమ్మ చూడని వారుండరు. చుట్టూ పలుచని పొర, నడుమ గుండ్రని కేంద్రకం, అటూ ఇటూ గింజల వంటి మైటోకాండ్రియాలు, మడతలు పడిన లోపలి పొరలు, వాటిని అంటిపెట్టుకొని చుక్కలు చుక్కలుగా రైబోసోములు. ఆ బొమ్మలో తప్పేమీ లేదు. అయితే మానవ శరీరంలోని కణాలన్నింటినీ లెక్కపెడితే నూటికి ఎనభైకి పైగా ఆ బొమ్మను పోలి ఉండవు. అవే ఎర్ర రక్తకణాలు. పూర్తిగా ఎదిగిన ఎర్ర కణానికి కేంద్రకం లేదు, మైటోకాండ్రియాలు లేవు, రైబోసోములు లేవు, లోపలి పొరలూ లేవు. ఒక పైపొర, దాని లోపల చిక్కని ఎర్రని ద్రవం, అంతే.

ఇన్ని భాగాలు పోగొట్టుకొన్న దానిని కణమని ఎలా అంటారు? అది బ్రతికి ఉన్నట్లేనా? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే కణంలోని ఏ భాగం దేనికోసం ఉన్నదో కూడ తెలిసివస్తుంది. ఇంటిలో ఒక వస్తువు విలువ అది లేనినాడే గదా తెలిసేది.

రక్తం ఊపిరితిత్తులకు ఎందుకు పోతుంది?

గుండె కుడి భాగం నుండి ఎడమ భాగానికి రక్తం మధ్య గోడలోని కంటికి ఆనని రంధ్రాల గుండా పోతుందని గ్రీకు వైద్యుడు గాలెన్ చెప్పాడు. వెయ్యేళ్ళు దాటినా వైద్యులు అదే పాఠం వల్లించారు. డమాస్కస్‌లో చదువుకొని కైరోలో వైద్యం చేసిన ఇబ్నుల్ నఫీస్ 1242లో దానిని కాదన్నాడు. ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి ఆయన వ్రాసిన వ్యాఖ్యానంలో ఈ సంగతి ఉన్నది. ఆ గోడ దట్టమైనది, దానికి రంధ్రాలు లేవు. రక్తం కుడి భాగం నుండి ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, ఆ తరువాతనే ఎడమ భాగానికి చేరుతుందని ఆయన నిర్ణయం. 1924లో ఈజిప్టు వైద్యుడు ముహియుద్దీన్ తతావీ బెర్లిన్ గ్రంథాలయంలో ఆ వ్రాతప్రతిని గుర్తించే వరకు ఆధునిక వైద్య చరిత్రకారులు ఈ విషయాన్ని పట్టించుకోలేదు.

అయితే రక్తంలో గాలిని అందుకొనేది ఏదో తెలుసుకొనే సాధనం ఇబ్నుల్ నఫీస్ కాలంలో లేదు. దానికి సూక్ష్మదర్శిని కావలసి వచ్చింది. 1665లో రాబర్ట్ హుక్ బెండు ముక్కలో చిన్న చిన్న గదులను చూసి వాటికి పేరు పెట్టాడు. 1674లో హాలెండు దేశస్థుడు లీవెన్‌హాక్ రక్తపు బొట్టులోని ఎర్రని కణాలను వర్ణించాడు. 1831లో రాబర్ట్ బ్రౌన్ కేంద్రకానికి ఆ పేరు పెట్టాడు. 1838, 1839లలో ష్లైడెన్, ష్వాన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు మొక్కలూ జంతువులూ అన్నీ కణాలతోనే నిర్మితమైనవని సిద్ధాంతీకరించారు. ప్రతి కణమూ మరొక కణం నుండే పుడుతుందని 1858 నాటికి విర్కో స్థిరపరచాడు. ఎర్ర కణం కూడ అలాగే పుడుతుంది. కాని అది మరొక కణానికి జన్మనివ్వలేదు.

ఉన్నదంతా బయట పారవేసి

ఎర్ర కణం పుట్టుక ఎముకల లోపలి మూలుగలో. అక్కడ ఉన్నప్పుడు అది పాఠ్యపుస్తకంలోని బొమ్మకు సరిగ్గా సరిపోతుంది. దానికి పెద్ద కేంద్రకం ఉంటుంది. అందులోని డి.ఎన్.ఏ. అనే పొడుగాటి పోగులో శరీరానికి కావలసిన మాంసకృత్తులన్నింటినీ తయారుచేసే విధానం వ్రాసి ఉంటుంది. అవసరమైన భాగానికి నకలు తయారై కేంద్రకం వెలుపలికి వస్తుంది. రైబోసోములు ఆ నకలును చదువుతూ అమైనో ఆమ్లాలను ఒకదాని వెనుక ఒకటి కూర్చి మాంసకృత్తును నిర్మిస్తాయి. మూలుగలోని ఈ కణాలు దాదాపు ఒకే ఒక్క మాంసకృత్తును పట్టుబట్టి తయారుచేస్తాయి. అది హీమోగ్లోబిన్.

కణం హీమోగ్లోబిన్‌తో నిండుతున్నకొద్దీ కేంద్రకం కుంచించుకొని ఒక అంచుకు జరుగుతుంది. చివరికి కణం దానిని బయటికి నెట్టివేస్తుంది. ప్రక్కనే కాచుకొని ఉండే భక్షక కణం దానిని మింగివేస్తుంది. తరువాత మైటోకాండ్రియాలు కూడ కరిగిపోతాయి. మిగిలిన కొద్దిపాటి రైబోసోములతో కణం రక్తంలోకి వస్తుంది. ఒకటి రెండు రోజులలో అవి కూడ పోతాయి. పెద్దవారి శరీరంలో క్షణానికి సుమారు ఇరవై లక్షల ఎర్ర కణాలు ఈ విధంగా తయారై రక్తంలో చేరుతూ ఉంటాయి.

ఇంత త్యాగం దేనికి? మొదటి కారణం చోటు. ఒక్క ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు ఇమిడి ఉన్నాయి. ప్రతి అణువులో నాలుగు ఇనుప పరమాణువులు, ప్రతి ఇనుప పరమాణువుకు ఒక ప్రాణవాయు అణువు. అంటే కంటికి కనబడని ఒక కణం ఊపిరితిత్తుల నుండి బయలుదేరేటప్పుడు వంద కోట్లకు పైగా ప్రాణవాయు అణువులను మోసుకుపోగలదు.

రెండవ కారణం మెత్తదనం. ఎర్ర కణం రెండు వైపులా నడుమ నొక్కుకుపోయిన బిళ్ళ వలె ఉంటుంది. అడ్డుకొలత ఏడెనిమిది మైక్రానులు. సుమారు 130 కణాలను వరుసగా పేర్చితే ఒక మిల్లీమీటరు అవుతుంది. అతి సన్నని రక్తకేశనాళికలు ఇంతకన్నా ఇరుకు. వాటిలో దూరేటప్పుడు కణం మడతపడి, సాగి, అవతలికి పోయి మళ్ళీ బిళ్ళగా మారుతుంది. నడుమ బిరుసైన కేంద్రకం ఉంటే ఇది సులువుగా జరిగే పని కాదు. పక్షులకు, కప్పలకు, చేపలకు ఎర్ర కణాలలో కేంద్రకం ఉంటుంది. దానిని వదులుకొన్నవి పాలిచ్చే జంతువులే. వీటిలో ఒంటెది ఒక ప్రత్యేకత. దాని ఎర్ర కణాలు గుండ్రంగా కాక కోలగా ఉంటాయి. ఎన్నో రోజులు దప్పికతో ఉండి ఒక్కసారిగా వంద లీటర్ల దాకా నీరు త్రాగే జంతువు అది. అంత నీరు రక్తంలోకి చేరినా, దాని కణాలు మామూలు పరిమాణానికి రెండింతలు దాటి ఉబ్బి కూడ పగలకుండా నిలుస్తాయి.

మూడవ కారణం మరీ ఆలోచించదగినది. మైటోకాండ్రియాలు ప్రాణవాయువును వాడుకొని ఆహారం నుండి శక్తిని తీస్తాయి. ప్రాణవాయువును మోసే కణంలోనే అవి ఉంటే సరుకు గమ్యం చేరకముందే కొంత ఖర్చయిపోతుంది. ఎర్ర కణం తాను మోసే ప్రాణవాయువును తన బ్రతుకుతెరువుకు వాడుకోదు.

అది బ్రతికే ఉన్నదా?

శక్తి లేకుండ ఏ కణమూ నిలువదు. ఎర్ర కణం రక్తంలోని గ్లూకోజును తీసుకొని, ప్రాణవాయువు అవసరం లేని పాత పద్ధతిలో, సగం వరకే విడగొడుతుంది. ఒక గ్లూకోజు అణువు నుండి ఈ పద్ధతిలో మిగిలేది రెండు ఏ.టి.పి. అణువులు మాత్రమే. మైటోకాండ్రియాలున్న కణం అదే గ్లూకోజుతో ముప్పై దాకా సంపాదిస్తుంది. జీవకణాలన్నింటిలోనూ శక్తికి నాణెం వలె చెల్లుబాటయ్యే ఈ ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమన్ కనుగొన్నాడు. అదే సంవత్సరం అమెరికాలో ఫిస్కేతో కలిసి దానిని వేరుచేసిన వాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఆ కొద్దిపాటి శక్తితో ఎర్ర కణం చేసే ముఖ్యమైన పని తోడిపోయడం. రక్తపు ద్రవంలో సోడియం ఎక్కువ, కణం లోపల పొటాషియం ఎక్కువ. పైపొరలోని ఒక మాంసకృత్తు ఒక ఏ.టి.పి. ఖర్చుతో మూడు సోడియం అయానులను బయటికి తోసి, రెండు పొటాషియం అయానులను లోపలికి తెస్తుంది. ఈ పని ఆగితే ఉప్పుతోపాటు నీరు లోపలికి చేరి కణం ఉబ్బి పగిలిపోతుంది. కణం లోపలి స్థితి బయటి స్థితికి భిన్నంగా ఉండడం, ఆ భేదాన్ని ఖర్చు పెట్టి నిలుపుకోవడం, ఇదే జీవలక్షణం అనుకొంటే ఎర్ర కణం నిస్సందేహంగా జీవించే ఉన్నది.

పైపొర సంగతి కూడ ఎర్ర కణమే చెప్పింది. 1925లో హాలెండులో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు ఎర్ర కణాల నుండి క్రొవ్వు పదార్థాలను తీసి నీటిమీద ఒకే వరుసగా పరచి చూశారు. ఆ పరపు కణాల ఉపరితలానికి రెండింతలు వచ్చింది. అనగా పైపొర రెండు వరుసల క్రొవ్వు అణువులతో అల్లినది. మరే కణాన్ని తీసుకొన్నా లోపలి పొరల క్రొవ్వు కూడ కలిసి లెక్క తప్పేది. లోపల ఏమీ లేకపోవడమే ఇక్కడ కలిసివచ్చింది. ఒక మిల్లీమీటరులో లక్షవ వంతుకన్నా పలుచనైన ఆ పొరను లోపలి వైపు నుండి మాంసకృత్తుల వల ఒకటి పట్టి ఉంచుతుంది.

విధానం వ్రాసి ఉన్న కేంద్రకాన్ని వదులుకొన్నందుకు చెల్లించే మూల్యం ఒకటున్నది. అరిగిపోయిన మాంసకృత్తు స్థానంలో క్రొత్తది తయారుకాదు. అందుకే ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు. ఈ కాలంలో అది నిమిషానికి ఒక చుట్టు చొప్పున లక్షన్నరకు పైగా చుట్లు తిరుగుతుంది. ప్లీహంలో మైక్రానుకు అటూ ఇటూ వెడల్పుగల సందులున్నాయి. మెత్తదనం పోయిన ముసలి కణం వాటిలో దూరలేక చిక్కుబడుతుంది. భక్షక కణాలు దానిని మింగి ఇనుమును మళ్ళీ మూలుగకు పంపుతాయి. మూలుగకు రోజుకు ఇరవై మిల్లీగ్రాములకు పైగా ఇనుము కావాలి. ఆహారం నుండి వచ్చి చేరేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. తక్కినదంతా పాత కణాల నుండి తిరిగి వచ్చేదే.

ఒక్క అక్షరం మారితే

హీమోగ్లోబిన్ తయారీ విధానంలో ఒక్క అక్షరం తేడా పడితే ఏమవుతుందో సికిల్ సెల్ వ్యాధి చూపుతుంది. 1910లో షికాగో వైద్యుడు హెరిక్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను చూశాడు. లోపం హీమోగ్లోబిన్ అణువులోనే ఉన్నదని 1949లో పాలింగ్ బృందం నిరూపించింది. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరవ స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వేలిన్ ఉండడమే ఆ లోపమని 1956లో ఇంగ్రామ్ కనుగొన్నాడు. ప్రాణవాయువును దించివేసిన తరువాత ఇటువంటి హీమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కొని కడ్డీలుగా పేరుకుంటాయి. కణం బిరుసెక్కి కొడవలిగా వంగుతుంది, సన్నని నాళాలలో అడ్డుపడుతుంది. ఎముకలలో భరించరాని నొప్పి పుడుతుంది. 120 రోజులు బ్రతకవలసిన కణం పది ఇరవై రోజులలోనే పోతుంది.

తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటిగా ఈ విధానం ప్రతి మనిషికీ రెండు ప్రతులు సంక్రమిస్తుంది. ఒక ప్రతిలోనే తప్పున్నవారు వాహకులు. వారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణాంతకమైన మలేరియా నుండి వారికి కొంత రక్షణ కూడ ఉన్నదని 1954లో ఆలిసన్ చూపాడు. మలేరియా జీవి నివాసం ఎర్ర కణమే. ఆ జీవిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనుగొన్నది 1897లో సికింద్రాబాదులో. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతాలలోనే ఈ లోపం వేళ్ళూనుకోవడానికి కారణం ఇదే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాలలోను, సౌదీ అరేబియా తూర్పు భాగంలోను ఇది కనిపిస్తుంది.

ఇద్దరు వాహకులు వివాహం చేసుకొంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒకవంతు. నలుగురు పిల్లలలో ఒకరికి వచ్చింది కాబట్టి తక్కిన వారికి రాదని అనుకోవడం పొరపాటు. లెక్క ప్రతిసారీ మొదటి నుండి మొదలవుతుంది. హీమోగ్లోబిన్ తగినంతగా తయారుకాని థలసీమియాకు కూడ ఇదే లెక్క. దగ్గరి చుట్టరికంలో పెళ్ళి ఈ లోపాలను పుట్టించదు. కాని కుటుంబంలో లోపం ముందే ఉంటే అది ఇద్దరిలోనూ ఉండే అవకాశం పెరుగుతుంది. ఒకరు వాహకులైతే వారి పినతండ్రి బిడ్డలో గాని మేనమామ బిడ్డలో గాని అదే లోపం ఉండడానికి ఎనిమిదింట ఒకవంతు అవకాశం ఉన్నది. బయటి సంబంధంలో, ఆ లోపం అరుదైన జనాభాలో, ఇది చాల తక్కువ.

రక్తపు గ్రూపు చూపే కాగితంలో ఈ సంగతి తెలియదు. కణాల సంఖ్య లెక్కించే మామూలు పరీక్షలో సికిల్ సెల్ వాహకుల రక్తం సాధారణంగానే కనబడుతుంది. హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసే పరీక్ష విడిగా చేయించాలి. ఇరాన్ 1997 నుండి పెళ్ళికి ముందు థలసీమియా పరీక్షను తప్పనిసరి చేసింది. సౌదీ అరేబియా 2004 నుండి ఈ రెండు లోపాలకూ పరీక్షను నిర్బంధం చేసింది. ఫలితం తెలిసిన తరువాత నిర్ణయం మాత్రం వధూవరులదే. భారత ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన ఉద్యమాన్ని ప్రారంభించి 2047ను గడువుగా పెట్టుకొన్నది.

హైడ్రాక్సీయూరియా అనే మందు నొప్పులను తగ్గిస్తుంది. జన్యువునే మార్చే చికిత్సకు 2023 చివర బ్రిటన్, అమెరికాలలో అనుమతి లభించింది. అమెరికాలో దానికి నిర్ణయించిన ధర 22 లక్షల డాలర్లు. ఈ చికిత్సలో వైద్యులు ఎర్ర కణాన్ని ముట్టుకోరు. ముట్టుకొని ప్రయోజనం లేదు. దిద్దడానికి అందులో కేంద్రకమే లేదు. వారు మూలుగకు చెందిన మూలకణాలను బయటికి తీసి, వాటి కేంద్రకంలోని డి.ఎన్.ఏ.ను ఒకచోట కత్తిరించి, గర్భంలో ఉన్నప్పుడు తయారై పుట్టిన తరువాత ఆగిపోయే పసి హీమోగ్లోబిన్ మళ్ళీ తయారయ్యేటట్లు చేసి, తిరిగి శరీరంలోకి ఎక్కిస్తారు. బీజకణాలలో మార్పు జరుగదు కనుక, ఆ చికిత్స పొందినవారు కూడ తమ పాత లోపాన్నే సంతానానికి అందిస్తారు.